దారులు గుర్తుండవు... నా మెదడులో లోపముందా డాక్టర్?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాం, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పటి నుంచీ దారులు గుర్తుండవు. ఆఫీసు, పిల్లల స్కూలు తప్ప ఎక్కడికెళ్లినా ఫోన్‌లో మ్యాప్ ఉండాల్సిందే. మెట్రో మెట్లు దిగితే రోడ్డుకి ఏ పక్కన ఉన్నానో అర్థం కాదు. దారులు బాగా తెలిసినవాళ్లకు మెదడులో ఒక భాగం పెద్దదిగా ఉంటుందని చదివాను. నాకది చిన్నదా? స్కాన్ తీయించుకోవాలా? మాతో ఉండే నాన్న 30 ఏళ్లు సిటీలో ఆటో నడిపారు, పాతబస్తీ గల్లీలన్నీ ఆయనకు కొట్టినపిండి. ఇప్పుడు 68 ఏళ్లు. ఈమధ్య పాలప్యాకెట్ కోసం వెళ్లి రెండుసార్లు మా వీధి తెలియక తిరిగారు. వయసు కదా అని ఊరుకున్నాం.
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీకు స్కాన్ అక్కర్లేదమ్మా. మీరు రాసినదాంట్లో నాకు కంగారు కలిగించింది మీ నాన్నగారి సంగతి. ముందు మీ సందేహం తీర్చి దానికి వస్తాను.

మీరు చదివింది లండన్ ట్యాక్సీ డ్రైవర్ల గురించి అయ్యుంటుంది. అక్కడ లైసెన్సు కావాలంటే చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్లలో ఉన్న సుమారు 25 వేల వీధులు నోటికి రావాలి. అందుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. మెదడు శాస్త్రవేత్త ఎలియనార్ మగ్వైర్ బృందం 2000లో అలాంటి 16 మంది మెదళ్లు స్కాన్ చేసి చూసింది. జ్ఞాపకాలకు ఆయువుపట్టయిన హిప్పోక్యాంపస్‌లో వెనక భాగం వాళ్లకు పెద్దదిగా, ముందు భాగం చిన్నదిగా ఉంది. పుట్టుకతోనే అలా ఉందా, నేర్చుకుంటే పెరిగిందా? 2011 అధ్యయనంలో దానికి జవాబు దొరికింది. శిక్షణకు చేరిన 79 మందికి మొదట్లో తేడాలేమీ లేవు. పరీక్ష నెగ్గిన 39 మందిలోనే తర్వాత ఆ భాగం పెరిగింది. రోజూ ఒకే రూటులో తిరిగే బస్సు డ్రైవర్లతో పోల్చినా ట్యాక్సీవాళ్లదే పెద్దది. స్టీరింగు పట్టినంత మాత్రాన పెరగదన్నమాట, దారి వెతుక్కోవాలి.

అయితే ఇది ఏళ్ల తరబడి కఠోర సాధన చేసినవాళ్ల సంగతి. మామూలు మనుషుల్లో లెక్క ఇలా లేదు. అదే మగ్వైర్ బృందం తర్వాత 217 మంది ఆరోగ్యవంతుల్ని పరీక్షిస్తే, హిప్పోక్యాంపస్ సైజుకీ దారులు తెలియడానికీ సంబంధం కనిపించలేదు. అమెరికాలో 90 మందితో చేసిన అధ్యయనమూ అదే తేల్చింది. కాబట్టి స్కాన్‌లో కొలతలు తీసి మీకు దారి ఎందుకు తెలియడం లేదో చెప్పడం కుదరదు. డబ్బు దండగ.

దారి తెలియడం ఒక్క భాగం చేసే పని కాదు. హిప్పోక్యాంపస్‌లోని కణాలు ‘ఇక్కడున్నాను’ అని గుర్తిస్తే, దాని పక్కనే ఉండే ఎంటోరైనల్ కార్టెక్స్‌లోని గ్రిడ్ కణాలు ఎంత దూరం, ఎటువైపు వచ్చామో లెక్కగడతాయి. వీటిని కనుగొన్నవారికే 2014లో నోబెల్ ఇచ్చారు. ఇవి కాక, కాడేట్ అనే మరో భాగం ‘బంకు దగ్గర ఎడమకి, గుడి దగ్గర కుడికి’ అని అలవాటుగా నడిపిస్తుంది. మీరు ఎక్కువగా ఆధారపడుతున్నది ఈ పద్ధతి మీదే అనిపిస్తోంది. ఫోన్ మ్యాప్ కూడా దీన్నే బలపరుస్తుంది. మన ఊరూ అలాంటిదే, అత్తాపూర్ వైపు అడ్రస్ అడిగితే ఫ్లైఓవర్ పిల్లర్ నంబరు చెబుతారు!

మీ ఇంటి గుమ్మం ఏ ముఖమో మీకు తెలుసు కదా? అక్కడే మొదలుపెట్టండి. బయల్దేరేముందు మ్యాప్‌లో ఉత్తరం పైకి ఉండేలా పెట్టుకుని దారంతా ఒకసారి చూడండి. మెట్రో దిగగానే ఫోన్ తీయకుండా, మీ ఇల్లు ఎటుందో చేయి చాపి చూపించి, తర్వాత సరిచూసుకోండి. వారానికి ఒక్క కొత్త దారి చాలు. సొంత ఇంటి చుట్టుపక్కల కూడా పుట్టినప్పటి నుంచీ తప్పిపోయేవాళ్లు కొందరుంటారు, మీది అది కాదు.

ఇక నాన్నగారు. గల్లీలన్నీ తిరిగిన మనిషికి సొంత వీధి తెలియకపోవడం కొత్తగా వచ్చిన మార్పు. దీన్ని వయసు మీదకు నెట్టకండి. అల్జీమర్స్ మొట్టమొదట దెబ్బతీసే చోట్లలో నేను పైన చెప్పిన ఎంటోరైనల్ కార్టెక్స్ ఒకటి. అందుకే తెలిసిన దారి తప్పడం కొందరిలో పేర్లు మరిచిపోవడం కన్నా ముందే కనిపిస్తుంది. ఆయనకు అదే అని నేననడం లేదు. బి12 లోపం, థైరాయిడ్, సోడియం తగ్గడం, నిద్రమాత్రలు, డిప్రెషన్ వల్ల కూడా ఇలా జరగొచ్చు, వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. ఈ వారంలోనే న్యూరాలజిస్ట్‌కు చూపించండి. వాడే మందులన్నీ పట్టుకెళ్లండి. ఇంట్లో ఆయన్ని రోజూ చూసేవాళ్లు వెంట ఉండాలి. రక్తపరీక్షలు, జ్ఞాపకశక్తి పరీక్ష, స్కాన్ అవసరమైంది ఆయనకే.

అప్పటిదాకా బండి నడపనివ్వకండి. ‘ఇది ఏ వీధి చెప్పు నాన్నా’ అని పదేపదే పరీక్షించి ఆయన్ని చిన్నబుచ్చకండి. పాలకు వెళ్లడం మాన్పించొద్దు, మీలో ఒకరు తోడు వెళ్లండి. జేబులో అడ్రసు, ఫోన్ నంబరు రాసిన కాగితం ఉంచండి. ఉన్నట్టుండి అయోమయంలో పడినా, మాట తడబడినా, చేయీ కాలూ పట్టు తప్పినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.