ఆసుపత్రికి వై-ఫై 7 వేయిస్తే హ్యాకర్ల బెడద తగ్గుతుందా?

మీది వంద పడకల ఆసుపత్రి అన్నారు, వై-ఫై 7కి మారితే సైబర్ దాడుల టెన్షన్ పోతుందా అని అడిగారు. పోదండీ, కొంత తగ్గుతుందంతే. నేను ఆసుపత్రుల నెట్‌వర్క్ పనులే చూస్తుంటాను కాబట్టి చెబుతున్నాను.

వై-ఫై 7 వాడుకునే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో డబ్ల్యూపీఏ3 (వై-ఫై కనెక్షన్‌కి తాళం వేసే కొత్త భద్రతా పద్ధతి) తప్పనిసరి, అంతవరకు మేలే. కానీ ఐసీయూలో పాత ఇన్‌ఫ్యూజన్ పంపులు (సెలైన్, మందులు కొలతగా ఎక్కించే యంత్రాలు) ఉంటే వాటిలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్, పాత పద్ధతి డబ్ల్యూపీఏ2 తప్ప మరోటి తెలియదు. వాటి కోసం పాత నెట్‌వర్క్ ఉంచక తప్పదు. ఒకచోట సీలింగ్‌కి కొత్త యాక్సెస్ పాయింట్లు (వై-ఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) మెరిసిపోతున్నాయి. కింద నర్సింగ్ స్టేషన్‌లో కంప్యూటర్ అంచుకు తెల్ల ప్లాస్టర్ ముక్క, దానిమీద పెన్నుతో పంపుల వై-ఫై పాస్‌వర్డ్! పేషెంటు తాలూకు వాళ్లు దాంతోనే యూట్యూబ్ చూసుకుంటున్నారు. సిస్టర్‌ని మాత్రం ఏమనగలం? అర్ధరాత్రి పంపు డిస్‌కనెక్ట్ అయితే ఐటీ వాళ్లు ఫోనెత్తరు.

2017 మేలో బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌ని కుదిపేసిన వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్) వై-ఫైని ఛేదించి రాలేదు. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చిన ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వేయని విండోస్ మెషిన్ల గుండా ఒకదాన్నుంచి ఒకదానికి పాకింది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు సైబర్ దాడితో పడిపోయినప్పుడు ఓపీ కూడా కాగితాల మీదే నడిచింది.

అందుకే ముందు వైద్య పరికరాలు, బిల్లింగ్, గెస్ట్ వై-ఫై మూడింటినీ వేర్వేరు నెట్‌వర్క్‌లుగా విడగొట్టించండి. పంపు తన సర్వర్‌తో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకూడదు, బయటి ఇంటర్నెట్ అసలే వద్దు. 2025 జనవరిలో కాంటెక్ సీఎంఎస్8000 పేషెంట్ మానిటర్లలో బ్యాక్‌డోర్ (బయటివాళ్లు లోపలికి రాగల దొంగదారి) ఉందనీ, రోగి వివరాలు బయటికి పంపుతున్నాయనీ అమెరికాలో వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ, సైబర్ భద్రత చూసే సీఐఎస్‌ఏ హెచ్చరించాయి. పరికరమే డేటా పంపేస్తుంటే డబ్ల్యూపీఏ3 ఏం చేస్తుంది? ఒక్కో పరికరానికి విడి పాస్‌వర్డ్ ఇచ్చే సదుపాయం చాలా వై-ఫై కంట్రోలర్లలో (యాక్సెస్ పాయింట్లన్నిటినీ నడిపే వ్యవస్థ) ఉంది, అది పెట్టిస్తే ప్లాస్టర్ బాధ కూడా తీరుతుంది.

ఒక జాగ్రత్త. సెట్టింగులు మార్చేటప్పుడు ముందు బయోమెడికల్ ఇంజినీర్‌తో ఒక స్పేర్ పంపు మీద పరీక్షించండి, కొన్ని పాతవి కొత్త మోడ్‌లో అసలు కనెక్టే కావు. నెట్‌వర్క్ స్కానింగ్ (నెట్‌వర్క్‌లో ఏ పరికరాలున్నాయో, లోపాలేంటో సాఫ్ట్‌వేర్‌తో వెతకడం) కూడా పేషెంట్లకు తగిలించి ఉన్న పరికరాల మీద వద్దు, పాతవి హ్యాంగ్ అవుతాయి.

ప్రైవేట్ 5జీ (ఆసుపత్రికి మాత్రమే వేసుకునే సొంత 5జీ నెట్‌వర్క్) గురించీ అడిగారు. సిమ్‌తోనే గుర్తింపు కాబట్టి పాస్‌వర్డ్ గొడవ ఉండదు, కానీ మీ పంపుల్లో సిమ్ స్లాట్ ఏదీ? వంద పడకలకు ఆ ఖర్చు ఇప్పుడు అనవసరం. ఆ డబ్బు పాత పంపులు మార్చడానికి ఉంచండి, కొత్తవి కొనేటప్పుడు ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారో పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించుకోండి.