రెండు పాచికలు, ఒక సరళరేఖ: 1/7 ఎందుకు తప్పు?

మీరు పంపిన లెక్కలో జవాబు 1/7 తప్పు; పొరపాటు హారంలో ఉంది. రెండు పాచికల అంకెలను (ఎక్స్, వై) బిందువుగా తీసుకుంటే అది ఎక్స్ + వై = 8 రేఖపై పడే సంభావ్యత ఎంత అన్నది లెక్క. (2, 6), (6, 2) ఒకటేనని మొత్తం 21 జతలు, వాటిలో 8 వచ్చేవి 3 అని లెక్కించి మీరు 3/21, అంటే 1/7 రాశారు.

1. ఒక పాచిక ఎరుపు, రెండోది నీలం అనుకోండి. ఎరుపుది ఎక్స్, నీలానిది వై.

2. గ్రాఫు కాగితంపై 6 × 6 = 36 చుక్కలు పెట్టండి.

3. చాలామంది దాటేసే మెట్టు ఇదే: హారంలో లెక్కించేవన్నీ సమసంభవాలేనా, అంటే అన్నీ సమాన అవకాశంతో వచ్చేవేనా? మీ 21 జతలు కావు. 2, 6 జత రెండు విధాలుగా వస్తుంది. 4, 4 ఒకే విధంగా వస్తుంది. మూడు పాచికల మొత్తం 9, 10 విషయంలో గెలీలియో విప్పిన చిక్కు కూడా ఇదే. రెండింటికీ ఆరేసి కలయికలే, కానీ 216 పర్యవసానాల్లో 9కి 25, 10కి 27; అందుకే 10 కాస్త ఎక్కువగా పడుతుంది.

4. రేఖపై పడే చుక్కలు: (2, 6), (3, 5), (4, 4), (5, 3), (6, 2).

జవాబు 5/36.

ఇది తెలిశాక (4, 4)ను కూడా రెండుసార్లు లెక్కపెట్టి 6/36 రాసేవారున్నారు. గ్రాఫులో ఆ చుక్క ఒక్కటే.