నోట్సు కళ్లకే కాదు, చెవికీ అందాలంటే

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీలో చూపు లేని విద్యార్థి బీఏ చదువుతున్నాడు. చరిత్ర నోట్సు పీడీఎఫ్‌లు పంపితే, అతని కంప్యూటర్‌లో తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఎన్‌వీడీఏ కొన్నింటిని అసలు పలకదు, కొన్నింటిని పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలుగా చదువుతుంది. అన్నీ తెలుగు నోట్సులే. తప్పెక్కడ?
– అధ్యాపకుడు, హనుమకొండ

జవాబు: ఎన్‌వీడీఏ తప్పేమీ లేదండి, లోపం ఫైళ్లలోనే ఉంది. పీడీఎఫ్‌లో ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేసి చూడండి. కాపీయే కాకపోతే అది స్కాన్, అంటే పేజీ ఫొటో. పిచ్చి గుర్తులు వస్తే దాదాపుగా అది డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించినదే. ఆ పాత పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలకే తెలుగు అక్షరాల ముక్కలు తొడుగుతారు. కంటికి 'ఓరుగల్లు' అని కనబడుతుంది, లోపల తెలుగే ఉండదు. ఫాంటు మార్చి గౌతమి పెట్టినా లోపలి సంకేతాలు మారవు. డీటీపీ వాళ్ల దగ్గర అసలు పేజ్‌మేకర్ ఫైలు అడిగి తీసుకోండి. అందులోని మాటర్‌ను యూనికోడ్‌లోకి, అంటే తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్న పద్ధతిలోకి మార్చే కన్వర్టర్‌లో వేయండి. అను వెర్షన్ సరిగ్గా ఎంచుకోకపోతే ఒత్తులు చెదిరిపోతాయి.

స్కాన్లకు ఓసీఆర్, అంటే ఫొటోలోని అక్షరాలను గుర్తించి టెక్స్ట్‌గా మార్చే పని చేయాలి. పుస్తకం మడత దగ్గర నీడ పడకుండా పరిచి, 300 డీపీఐలో స్కాన్ తీయండి. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు బయటికొస్తాయి. పెద్ద ఫైలును పదేసి పేజీలుగా విడగొట్టండి. రెండు కాలమ్‌ల పేజీ అయితే వరుసలు కలిసిపోతాయి గనుక ఒక్కో కాలమ్‌ను వేరుగా కత్తిరించుకోవాలి. తర్వాత ప్రూఫ్ తప్పదు. ప-వ-ష, మ-య తారుమారవుతాయి, ఒత్తులు ఎగిరిపోతాయి, అక్షరం పక్క సున్న (ం) కాస్తా అంకె (0) అవుతుంది. చరిత్ర పాఠం కాబట్టి ముందు సంవత్సరాలు సరిచూడండి. కాకతీయ రాజ్యం పడిపోయిన 1323 కాస్తా 1328 అయితే, విని చదివే పిల్లవాడికి అది తప్పని తెలిసే దారే లేదు.

ఇక వర్డ్‌లో శీర్షికలు. అక్షరం లావు చేస్తే శీర్షిక కాదు. కంట్రోల్, ఆల్ట్‌తో 1 నొక్కితే పెద్ద శీర్షిక, 2 నొక్కితే ఉపశీర్షిక. అప్పుడు అతను ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో హెచ్ కీతో 40 పేజీల నోట్సులోనూ కావలసిన చోటికి దూకగలడు. లేకపోతే మొదటి నుంచీ వినాల్సిందే. బొమ్మపై రైట్‌క్లిక్ చేసి ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మకు బదులు వినిపించే వివరణ రాయండి. 'వరంగల్ కోట ఫొటో' అంటే చాలదు. 'కోట మధ్యలో నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు' అని, పాఠానికి కావలసింది చెప్పండి.

అతనికి వర్డ్ ఫైలే ఇవ్వండి. తెలుగు పీడీఎఫ్‌లలో యూనికోడ్‌లో కొట్టినవి కూడా ఒత్తులు తప్పుతుంటాయి. పీడీఎఫ్ తప్పనిసరైతే ప్రింట్ ద్వారా చేయకండి, శీర్షికల గుర్తులు పోతాయి. సేవ్ యాజ్‌లో ఆ గుర్తులను నిలిపే ట్యాగుల ఆప్షన్ టిక్ చేసి చేయండి.

ప్రశ్న: నాకు చూపు తక్కువ. ఫోన్లో పీడీఎఫ్ పెద్దది చేస్తే ప్రతి వరుసకూ పక్కకు జరపాలి. మార్గముందా?
– విద్యార్థిని, జగిత్యాల

జవాబు: ఉందమ్మా. పీడీఎఫ్ బదులు ఈపబ్ అనే ఈ-పుస్తకం ఫైలు అడుగు. అక్షరం ఎంత పెంచినా వరుస తెరకు తగ్గట్టు తనే విరుగుతుంది. శీర్షికలు సరిగ్గా పెట్టిన వర్డ్ ఫైలును ఉచిత సాఫ్ట్‌వేర్ క్యాలిబర్ ఈపబ్‌గా మారుస్తుంది. కాగితమే కావాలంటే 18 పాయింట్లలో కొత్తగా ప్రింట్ తీయించుకో. జిరాక్స్‌లో పెద్దది చేయిస్తే అక్షరం మసకబారుతుంది, కాగితం బల్ల మీద పట్టదు.

ప్రశ్న: పాఠ్యపుస్తకాన్ని ఇలా మార్చి ఇస్తే కాపీరైట్ చిక్కు రాదా?
– లైబ్రేరియన్, కరీంనగర్

జవాబు: వికలాంగ విద్యార్థుల కోసమే అయితే రాదు. 2012 సవరణతో కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో చేరిన జడ్‌బీ నిబంధన దీన్ని అనుమతిస్తోంది. ఆ ఫైలును కాలేజీ వాట్సాప్ గ్రూపులో అందరికీ మాత్రం పంచకండి. మొదలుపెట్టే ముందు, అచ్చు చదవలేని వారి ఆన్‌లైన్ లైబ్రరీ అయిన సుగమ్య పుస్తకాలయలో వెతకండి. ఆ పుస్తకం అక్కడ ముందే ఉంటే మీ వారం రోజుల పని తప్పుతుంది.