సీసాను ఏడిపించవద్దు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పిల్లల కథ చదివాను. వాక్యాలు పొట్టిగా, మాటలు తేలికగా ఉన్నాయి. చేయి తిరుగుతోంది, సంతోషం. అయితే వీధిలో పడి ఉన్న ప్లాస్టిక్ సీసా ఏడవడం, ఒక బాబు దాన్ని తీసి రీసైక్లింగ్ డబ్బాలో వేయడం, మర్నాటికల్లా అది కొత్త సీసాగా మారి నవ్వడం, ఈ మూడూ తీసేయమని చెప్పడానికే ఈ ఉత్తరం. ఇక కథలో ఏం మిగులుతుందని నీకు కోపం రావచ్చు. కాస్త ఓపిక పట్టి చదువు.

ముందు ఆ ఏడుపు సంగతి. అయిదేళ్ల పిల్ల దాన్ని నిజంగా నమ్ముతుంది. నమ్మితే సీసాను డబ్బాలో కూడా వేయనివ్వదు, తీసుకెళ్లి మంచం కింద దాచుకుంటుంది. జాలి పుట్టించడం తేలిక. ఈ వస్తువు ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోతుంది అన్న ఆరా పుట్టించడం కష్టం. పిల్లల రచయిత పడాల్సింది ఆ కష్టమే.

సీసా నిజంగా ఏమవుతుందో నువ్వు తెలుసుకున్నట్టు లేదు. సేకరించిన సీసాలను రకాలవారీగా ఏరి, చిన్న చిన్న పలుకులుగా ముక్కలు చేసి, కడిగి, నీళ్ల తొట్టెలో వేస్తారు. అక్కడే ఒక చక్కని తమాషా ఉంది. మామూలు నీళ్ల సీసాను పెట్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. దాని మూత వేరే రకం ప్లాస్టిక్. పెట్ నీటికన్నా బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. మూత పలుకులు తేలికగనక పైకి వస్తాయి. ఎవరూ చేత్తో ఏరనక్కర లేకుండా నీళ్లే రెండింటినీ విడదీస్తాయి! దీన్ని ఇంట్లోనే చూపించవచ్చు. పెద్దవాళ్లు సీసాలోంచి ఒక ముక్క, మూతలోంచి ఒక ముక్క కత్తిరించి గిన్నెడు నీళ్లలో వేస్తే చాలు. ముక్కలను వేలితో లోపలికి అదిమి వదలాలని మాత్రం రాయి. లేకపోతే గాలి బుడగ అంటుకుని పెట్ ముక్క కూడా తేలుతూ మోసం చేస్తుంది. ఆ తర్వాత పెట్ పలుకులను కరిగిస్తారు. కొన్ని మళ్లీ సీసాలవుతాయి, చాలా మటుకు సన్నని దారంగా సాగి బట్టలూ తివాచీలూ దిండ్లలో కూరే పీచూ అవుతాయి. తాను తాగి పడేసిన సీసా ఎవరి తలకిందికో దిండుగా చేరిందంటే పిల్లలు పగలబడి నవ్వుతారు. సీసా చేత ఒక్క మాట కూడా పలికించకుండానే కథ నడిచిపోతుంది.

అన్నీ మళ్లీ కొత్తవవుతాయని మాత్రం రాయవద్దు. గాజును, అల్యూమినియాన్ని ఎన్నిసార్లయినా కరిగించి పోయవచ్చు. కాగితం సంగతి అలా కాదు. ఒక కాగితం చింపి, చిరిగిన అంచును వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే సన్నని నూగు కనిపిస్తుంది. ఆ పీచే కాగితానికి బలం. తిరిగి కాగితం చేసిన ప్రతిసారీ పీచు పొట్టిదవుతూ అయిదారు సార్లకు ఇక పట్టు నిలవక జారిపోతుంది. నూనె అంటిన కాగితం, లోపల ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం కప్పు చాలా చోట్ల పనికిరావు. పిల్లలకు ఇదంతా అర్థమవుతుందా అని సందేహించకు. నోరు తిరగని డైనోసార్ల పేర్లన్నీ అప్పజెప్పే వయసు అది.

రీసైక్లింగ్‌ను సూచించే బాణాల త్రికోణం గుర్తు గురించి కూడా జాగ్రత్త. 1970లో గ్యారీ ఆండర్సన్ అనే విద్యార్థి ఒక పోటీ కోసం గీసిన బొమ్మ అది. ప్లాస్టిక్ వస్తువుల అడుగున అలాంటి త్రికోణంలో 1 నుంచి 7 వరకు కనిపించే అంకెలు 1988లో వచ్చాయి. అంకె అది ఏ రకం ప్లాస్టికో చెబుతుందే కానీ తప్పక రీసైకిల్ అవుతుందని హామీ ఇవ్వదు. నీ కథలో టీచరమ్మ సరిగ్గా దీనికి విరుద్ధంగా చెబుతోంది. డబ్బా నీలం రంగుదని కూడా రాశావు. రంగులు ఒక్కో చోట ఒక్కో రకం, తీసెయ్.

ఇక అసలు లోపానికి వస్తాను. నీ కథ డబ్బా దగ్గర మొదలై డబ్బా దగ్గరే ముగుస్తోంది. 2017లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 2015 వరకు ప్రపంచంలో పోగుపడిన ప్లాస్టిక్ వ్యర్థాల్లో రీసైకిల్ అయింది దాదాపు 9 శాతమే. ఈ అంకె పిల్లలకు చెప్పవద్దు, భయం తప్ప ఏమీ మిగలదు. నీ బుర్రలో మాత్రం ఉంచుకో. డబ్బాలో వేస్తే పని అయిపోయిందనే ధీమాను ఆ వయసులోనే నాటితే పెద్దయ్యాక తీయడం కష్టం. కథను నాలుగు అడుగులు వెనక్కి జరుపు. బాబు ఇంటి నుంచి నీళ్లు తెచ్చుకుంటే ఆ సీసా కొననే కొనడు. విరిగిన బొమ్మ చక్రాన్ని తాతయ్యతో కలిసి అతికించవచ్చు, ఒకవైపు రాసిన కాగితం వెనక ఏనుగును గీయవచ్చు. వీటిలో ఒక్కటి తీసుకో, అన్నీ కూరవద్దు.

రెండో అధ్యాయంలో ‘భావితరాల కోసం నీటిని కాపాడుదాం’ అని పాప చేత చెప్పించావు. వచ్చే ఆదివారమే చాలా దూరమనిపించే పిల్ల ఆ మాట అనదు. పళ్లు తోముకునేటప్పుడు కుళాయి కింద గిన్నె పెట్టించు. తోమడం అయ్యేసరికి గిన్నె పొంగిపొర్లితే తర్వాత ఏం చేయాలో పాపే ఆలోచిస్తుంది. ఆ నీళ్లను మొక్కకు పోస్తుందో, కుక్కకు పెడుతుందో నీ ఇష్టం. ఉపన్యాసం మాత్రం వద్దు. అమ్మానాన్నల తప్పులు పట్టే పోలీసుగానూ పాపను మార్చవద్దు. అలాంటి పుస్తకాన్ని పెద్దలు రెండోసారి చదివి వినిపించరు.

తిరగరాసి పంపు. బొమ్మలు వేసేవారితో ముందే మాట్లాడుకో. నీళ్ల గిన్నె బొమ్మలో మూత ముక్క తేలాలి, సీసా ముక్క మునగాలి. తారుమారైతే పిల్లలు వెంటనే పట్టేస్తారు, ఆ ఉత్తరాలకు జవాబులు నువ్వే రాసుకోవాలి.

ఉంటాను.