యానాది గిరిజనుల చెట్టుమందును కంపెనీ పేటెంట్ చేసుకోగలదా?

చెన్నైలో ఉంటున్న నెల్లూరు మిత్రుడి ప్రశ్న ఇది. ఉన్నదున్నట్టుగా అయితే కుదరదు. పేటెంట్ల చట్టం సెక్షన్ 3(పి) సంప్రదాయ జ్ఞానాన్ని ఆవిష్కరణగా ఒప్పుకోదు. కానీ ఆ జ్ఞానం ముందే ఉందని చూపించాలి కదా! గాయాలకు పసుపు వాడకంపై అమెరికా ఇచ్చిన పేటెంట్ 1997లో రద్దయిందంటే, మన పాత గ్రంథాలు సాక్ష్యంగా నిలిచాయి కాబట్టే. యానాదులదేమో చాలావరకు నోటిమాట. అందుకే 2002 జీవవైవిధ్య చట్టం కింద ఊరి కమిటీ రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో అది ఎక్కాలి. మన మొక్కలపై పేటెంట్ కోరే విదేశీ కంపెనీలు మీ చెన్నై తరమణిలోనే ఉన్న జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి తీసుకోవాలి. 2023 సవరణ మాత్రం గ్రంథాలకెక్కిన జ్ఞానం వాడే మన దేశ సంస్థలకు స్థానికులతో లాభాల పంపకం నుంచి మినహాయింపు ఇచ్చింది. నాకది నచ్చలేదు.