దీపం ఆరిందా, కొండెక్కిందా?

సందేహం: దీపావళి సాయంత్రం లక్ష్మీపూజ ముగించి వాకిట్లో ప్రమిదలు పెట్టుకున్నాం. గాలి విసురుకు రెండు పోతే ‘అత్తమ్మా, దీపాలు ఆరిపోయినాయి’ అన్నాను. ‘పండగ పూట అదేం మాట? కొండెక్కినాయి అనాల’ అని కోప్పడింది. ధరలు కొండెక్కాయంటే పెరిగాయనే కదా అర్థం? మరి దీపం ఎక్కే కొండ ఏది, మన తిరుమల కొండేనా? ఆరిపోయింది అనడం నిజంగా తప్పా? – ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: వ్యాకరణం ప్రకారం మీ మాటలో తప్పు లేదు. ‘ఆరు’ క్రియ నిప్పుకూ చెల్లుతుంది, తడికీ చెల్లుతుంది. పొయ్యి ఆరింది, బట్టలు ఆరాయి అంటాం. నిఘంటువుల్లో శకటరేఫతో, అంటే బండి ‘ఱ’తో, ‘ఆఱు’ అని కనిపించేది ఇదే. మీ అత్తగారి అభ్యంతరం వ్యాకరణం గురించి కాదు. చేతికందిన కొడుకు పోతే ‘ఇంటి దీపం ఆరిపోయింది’ అని ఏడుస్తాం. ఆశ్వయుజ అమావాస్య నాడు, లక్ష్మిని లోపలికి పిలుస్తున్న గడప దగ్గర, ఆ మాట చెవిన పడటం ఆమెకు నచ్చలేదు.

అశ్లీలం అంటే ఇప్పుడు బూతు అనే అనుకుంటున్నాం గానీ, కావ్యాల గుణదోషాలు చర్చించిన ఆలంకారికులు దాన్ని మూడు రకాలుగా చెప్పారు: సిగ్గు కలిగించేది, రోత పుట్టించేది, అమంగళం తోపించేది. మూడోదాన్ని ఎలా తప్పించాలో మన ఇల్లాళ్లకు ఏ శాస్త్రమూ నేర్పలేదు. బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అన్నారు. తాళి తెగితే ‘పెరిగింది’ అన్నారు. గడప దాటేవాళ్ల చేత ‘పోతా’ననకుండా ‘పోయొస్తా’ అనిపించారు. దీపం కొండెక్కడం ఈ కోవలోదే.

అయితే నిప్పు ఉన్నదల్లా కొండెక్కదు. అదే రాత్రి మీ వీధిలో కాల్చిన కాకరపువ్వొత్తి ఆరిపోతుంది, చిచ్చుబుడ్డి తుస్సుమంటుంది, వంటింట్లో గ్యాస్‌పొయ్యి ఆర్పేస్తాం. డాబా మీద వేలాడదీసిన సీరియల్ బల్బులు కొండెక్కాయంటే నవ్వుతారు. ఆ మర్యాద నూనె పోసి, వత్తి వేసి, ‘దీపం జ్యోతిః పరబ్రహ్మ’ అని చేతులు జోడించిన దీపానికే. దాన్ని నోటితో ఊదకుండా పువ్వుతోనో, వత్తిని నూనెలోకి లాగో శాంతింపజేయడంలో ఉన్నదీ ఆ మర్యాదే.

ఇక కొండ సంగతి. తిరుపతిలో ‘కొండకు పోతున్నాం’ అంటే తిరుమలకే, ఇంకో కొండ గుర్తుకు రాదు. కాబట్టి మీ అనుమానం సహజం. కానీ ఈ పలుకుబడి గోదావరి జిల్లాల్లోనూ ఉంది. మీకు దగ్గర్లోనే, నగరి దాటి తమిళం మాట్లాడేవాళ్ల మధ్యకు వెళ్తే ఇది మరీ విప్పారుతుంది. వాళ్లకూ దీపం ‘మలైయేఱు’తుంది, అంటే కొండెక్కుతుంది. జాతరలో పూనకం దిగిపోతే సామి మలైయేఱాడంటారు. గడిచిపోయిన కాలం కూడా మలైయేఱి పోతుంది. పూనిన దేవుడు చచ్చిపోడు కదా, తన చోటికి తాను వెళ్లిపోతాడు. ఆ చోటు కొండే. వెంకన్నది కొండ, అహోబిలం నరసింహుడిది కొండ, 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉన్న తిరుత్తణిలో మురుగనుదీ కొండే. దీపంలోకి వచ్చిన దైవమూ పని ముగించుకుని పైకెళ్లిందనే భావం ఈ మాటలో ఉందని నేననుకుంటాను. అలాంటప్పుడు దీన్ని పేరున్న ఏ ఒక్క కొండకూ కట్టేయక్కర్లేదు.

ధరలది వేరే దారి. అక్కడ కొండ అంటే చేతికందని ఎత్తు, అంతే. బెట్టు చేసేవాణ్ణి ‘కొండెక్కి కూర్చున్నాడు’ అనడమూ ఈ దారిలోదే. ‘వాడి చదువు కొండెక్కింది’ అన్నది మాత్రం దీపం నుంచి వచ్చింది. రెండు అర్థాలూ ఒకేచోట తిరుగుతున్నాయి గనక శీర్షికలు పెట్టేవాళ్లు కాస్త చూసుకోవాలి. ‘ఉల్లి కొండెక్కింది’ ఎవరికైనా తెలుస్తుంది. ‘ప్రాజెక్టు కొండెక్కింది’ అంటే ఖర్చు పెరిగిందా, పని ఆగిపోయిందా? ఆగిపోతే ‘అటకెక్కింది’ అనే తేట మాట ఉండనే ఉంది.

దీపావళి మర్నాడే కార్తికం మొదలు. నెల పొడుగునా తులసికోట దగ్గరా, కపిలతీర్థంలోనూ దీపాలు పెడతారు గనక ఈ మాట మీకు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. ఎవరైనా పెద్దావిడ ‘దీపం ఘనమైంది’ అంటే వెలుగు పెరిగిందనుకోకండి. అదీ కొండెక్కడమే.