తైచీ గురువు కంటే ముందు మాట్లాడే మనిషి కావాలి

ప్రశ్న: అక్కా, నేను ఈ దేశం వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఇంటి నుంచే పని, రోజంతా కుర్చీలోనే. నడుం పట్టేస్తోంది. తైచీ, అదే నెమ్మదిగా కదులుతూ చేసే చైనా యుద్ధవిద్య, మంచిదన్నారు. దగ్గర్లో ఇద్దరు నేర్పుతున్నారు. ఒకాయనకు పెద్ద హాలు ఉంది. మొదటి రోజే అందరూ నా పేరు గుర్తుపెట్టుకుని పలకరించారు, క్లాసు అయ్యాక కూర్చోబెట్టి మాట్లాడారు, మర్నాడు ఫోన్ కూడా చేశారు. సొంతవాళ్లలా అనిపించారు. ఆయనది నేరుగా చైనా గురువుల పరంపర అట. ఏడాది ఫీజు ముందే కడితే 'లోపలి శిష్యుల్లో' చేర్చుకుంటారట. ఇంకొక ఆవిడ కమ్యూనిటీ సెంటర్‌లో నేర్పుతారు. ఆవిడ పెద్దగా మాట్లాడరు. ఎక్కడ చేరమంటారు? చీగాంగ్, అంటే ఊపిరితో, నెమ్మది కదలికలతో చేసే చైనా సాధన, చేస్తే మతి చెడుతుందని విన్నాను, నిజమేనా?

జవాబు: తమ్ముడూ, అక్కా అని పిలిచావు కాబట్టి చనువుగా నువ్వు అనే అంటాను. నీ ఉత్తరంలో నడుం నొప్పి గురించి రెండు ముక్కలే ఉన్నాయి. ఆ హాల్లో నిన్ను ఎలా పలకరించారో మాత్రం వివరంగా రాశావు. నీ ప్రశ్న తైచీ గురించే అని నువ్వు అనుకుంటున్నావు. నాకు మాత్రం వేరే సంగతి కనిపిస్తోంది. వారంలో ఎన్ని రోజులు నీ గొంతు నీకే వినపడకుండా గడుస్తున్నాయో ఒకసారి ఆలోచించు. ఆ లెక్క తేలాకే గురువు సంగతి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, నేను వచ్చిన కొత్తలో సరిగ్గా నీలాగే ఒక హాల్లో చేరాను. మా ఆయన ఉదయం వెళ్తే రాత్రికి వచ్చేవారు. నాకు ఉద్యోగం లేదు, డ్రైవింగ్ రాదు, మాట్లాడడానికి ఫోనులో అమ్మ తప్ప ఎవరూ లేరు. అమ్మకు నిద్ర వేళ అయ్యేసరికి నాకు పగలు మొదలయ్యేది. ఆ పరిస్థితిలో ఎవరైనా పేరు పెట్టి పిలిచి 'నిన్న రాలేదేం, ఒంట్లో బాగాలేదా' అని అడిగితే ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. నేను ఆ గురువు దగ్గర చేరింది ఆయన విద్య చూసి కాదు. ఆయన పాదాలు ఎలా పెడుతున్నాడో, పాత విద్యార్థుల మోకాళ్లు ఎలా ఉన్నాయో చూడనే లేదు. చూసినా అప్పుడు నాకు తెలిసేది కాదు.

మొదట్లో అంతా బాగానే నడిచింది. తర్వాత స్టాన్స్, అంటే మోకాళ్లు వంచి నిలబడే తీరు, ఇంకా కిందికి, ఇంకా కిందికి అని మొదలైంది. తొడలు వణికేవి, అది మామూలే. కానీ కుడి మోకాలి లోపలి వైపు పొడిచినట్టు నొప్పి వచ్చేది. చెప్తే 'పాత అడ్డంకి కరుగుతోంది, శక్తి దారి చేసుకుంటోంది, ఆపకు' అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్లు తల ఊపారు. అందరూ అంత నమ్మకంగా ఉంటే నాకు అనుమానం రావడమే తప్పనిపించింది. మోకాలు వాచి మెట్లు దిగలేని రోజున డాక్టర్ ఫిజియోథెరపీకి పంపింది. ఆ ఫిజియోథెరపిస్ట్ నా చేత ఒక్క భంగిమ చేయించి చూసి, పాదం ఒక దిక్కు, మోకాలు ఇంకో దిక్కు తిరుగుతున్నాయని చూపించింది. ఆమెకు తైచీ తెలియదు. మోకాలు తెలుసు.

అంత జరిగినా నేను ఆ హాలు వదల్లేదు, తమ్ముడూ. కట్టు కట్టుకుని వెళ్లి గోడ పక్కన కూర్చునేదాన్ని. ఎందుకంటే అక్కడికి వెళ్లకపోతే ఇంకెక్కడికి వెళ్లాలి? ముందే కట్టిన ఫీజు కంటే అదే నన్ను ఎక్కువ పట్టి ఉంచింది. వేరే క్లాసుకు వెళ్లకూడదని, వీడియోలు చూడకూడదని, బయటివాళ్లతో సాధన గురించి మాట్లాడకూడదని ఒక్కొక్కటే చెప్తూ వచ్చారు. చివరికి మానేశాక అంతమంది ఆప్తుల్లో ఒక్కరు కూడా ఫోన్ చేయలేదు. ఆ నెలలు మోకాలి నొప్పి కంటే ఎక్కువ బాధపెట్టాయి.

తర్వాత నేనే లేచాను. ముందు డ్రైవింగ్ నేర్చుకున్నాను, లైబ్రరీలో వాలంటీరుగా చేరాను, మాట్లాడే మనుషులు దొరికారు. అప్పుడు మళ్లీ తైచీ క్లాసు వెతికితే చూపే మారిపోయింది. ఈసారి మనుషుల కోసం వెతకలేదు కాబట్టి విద్యని చూడగలిగాను. ఇప్పుడు మా టీచర్ ఊళ్లో లేనప్పుడు పెద్దవాళ్ల బ్యాచ్‌కి ముందు నిలబడేది నేనే. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను.

ఇక పరంపర విషయం. పరంపర అబద్ధమని నేను అనను. తైచీ కుటుంబాల చరిత్ర నిజంగానే ఉంది. హెనాన్ ప్రాంతంలో చెన్ జియాగో అనే ఊళ్లో చెన్ వాళ్ల కుటుంబం, వాళ్ల దగ్గర నేర్చుకుని బీజింగ్‌లో పేరు తెచ్చుకున్న యాంగ్ లుచాన్, ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫు అందరికీ అందేలా నెమ్మదిగా, సమంగా సాగే పద్ధతిని స్థిరపరచడం, ఇదంతా చదవదగ్గ కథ. కానీ గమనించు, యాంగ్ లుచాన్ ఆ కుటుంబంలో పుట్టినవాడు కాదు, బయటివాడే. 1956లో చైనా క్రీడా శాఖ యాంగ్ శైలి ఆధారంగా 24 భంగిమల చిన్న వరసను తయారు చేయించింది, అదీ మామూలు జనం కోసమే. 2020లో యునెస్కో తైచీని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంతగా లోకంలోకి వచ్చేసిన విద్యను ఏడాది ఫీజు ముందే కడితేనే తెరిచే రహస్యం అని చెప్పేవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

చైనా సంప్రదాయంలో గురువుకు టీ ఇచ్చి, మోకరిల్లి శిష్యుడిగా చేరే 'బాయ్‌షి' అనే వేడుక ఉంది. అది ఏళ్ల తరబడి ఒకరినొకరు చూసుకున్నాక జరగాల్సింది. గురువు కూడా శిష్యుణ్ణి అంతే నిదానంగా పరీక్షిస్తాడు. ఇంత తొందరగా నిన్ను లోపలికి పిలుస్తున్నారంటే ఎవరు ఎవరిని పరీక్షించినట్టు? ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎన్నాళ్లు, ఆ గురువుతో ఇప్పటికీ సంబంధం ఉందా అని మామూలుగా అడుగు. నిజంగా నేర్చుకున్నవాళ్లు ఈ ప్రశ్నకు ముఖం చిట్లించుకోరు. మా టీచర్ అయితే తన గురువు గురించి అడిగితే క్లాసు ఆలస్యం అయ్యేదాకా చెప్తుంది.

తాకకుండా విద్యార్థులను ఎగరగొట్టే ప్రదర్శన ఆ హాల్లో ఉంటే, అక్కడితో ఆపేయి. ఆ విద్యార్థులు అబద్ధం ఆడుతున్నారని కూడా అనను. గురువు చెయ్యి ఎత్తగానే పడిపోవడం వాళ్ల ఒంటికి అలవాటైపోతుంది. 2017లో చెంగ్డూలో ఒక తైచీ గురువుకూ ఒక ఎంఎంఏ (పలు యుద్ధవిద్యలు కలిపిన పోటీ) ఫైటర్‌కూ పోటీ జరిగితే అర నిమిషం కూడా పట్టకుండానే అయిపోయింది. దాంతో తైచీ పనికిరాదని తేలినట్టు కాదు. ఎదుటివాడు ఒప్పుకోని చోట ఎప్పుడూ పరీక్షించుకోని నమ్మకం ఎలా ఉంటుందో తెలిసింది, అంతే. పుష్ హ్యాండ్స్ (ఇద్దరు చేతులు ఆనించి ఒకరినొకరు తోసే సాధన) నేర్పే చోట పాత విద్యార్థి కొత్తవాణ్ణి గోడకేసి తోసి నవ్వుతున్నాడా, లేక తోసే ముందు వాడి కాళ్లు కుదురుగా ఉన్నాయో లేదో చూస్తున్నాడా అన్నది గమనించు. షింగ్‌యీ, బాగువా అని తైచీకి దగ్గరి చైనా యుద్ధవిద్యలు నేర్పే చోట ఇది ఇంకా ముఖ్యం. వాటిలో హఠాత్తుగా బలం విడుదల చేసే సాధన ఉంటుంది, నడుం నొప్పి ఉన్నవాడు మొదటి ఏడాది దాని జోలికి పోకూడదు.

మోకాళ్ల గురించి మాత్రం వివరంగా చెప్తాను, నా మోకాలే దెబ్బ తిని మరీ నేర్పింది కదా. మోకాలు ముందుకూ వెనక్కీ వంగడానికే ఉంది. పక్కకు మెలితిరగడం దానికి చేతకాదు. తిరగడం తుంటి చేసే పని. పాదం నేలకు అతుక్కుని ఉండగా ఒళ్లు తిప్పితే, తుంటి తిరగకపోతే ఆ మెలిక అంతా మోకాలి మీదే పడుతుంది. అందుకే కాలివేళ్లు ఎటు చూస్తే మోకాలు అటే చూడాలి, వేళ్లను దాటి ముందుకు పోకూడదు. కొత్తలో పాదం తిప్పాలంటే ముందు బరువు వెనక కాలి మీదికి తీసుకుని, మడమ మీద తిప్పి, తర్వాతే మళ్లీ బరువు పెట్టాలి. పట్టు ఎక్కువ ఉన్న బూట్లు తిరగనివ్వవు, పల్చటి చదునైన అడుగు ఉన్నవి వేసుకో. స్టాన్స్ ఎంత కిందికి అన్నది గురువు తేల్చేది కాదు, నీ మోకాలు తేల్చేది. తొడ కండరం మండితే సరే. కీలు లోపల పొడిచినా, వాచినా, మర్నాటికీ తగ్గకపోయినా ఆపెయ్. నొప్పి చెప్పినప్పుడు టీచర్ స్టాన్స్ పైకి లేపుతారా, నీకు ఉపదేశం ఇస్తారా? ఈ ఒక్క ప్రశ్నతోనే మనిషి తెలిసిపోతుంది.

చెట్టులా కదలకుండా నిలబడే సాధన కూడా చేయిస్తారు, ఝాన్ ఝువాంగ్ అంటారు. మంచిదే, నడుముకు నాకు బాగా పనికొచ్చింది. కొద్ది నిమిషాలతో మొదలుపెట్టు. మోకాళ్లు బిగించి నిలబడితే రక్తం కాళ్లలోనే ఆగిపోయి కళ్లు తిరుగుతాయి, కొందరు పడిపోతారు కూడా. కాబట్టి కొంచెం సడలించి ఉంచాలి. బీపీ మందులు వేసుకునేవాళ్లు టీచర్‌కి ముందే చెప్పాలి.

చీగాంగ్‌తో మతి చెడుతుందా అన్నావు. భయం పూర్తిగా ఉత్తిది కాదు. 1980లలో చైనాలో చీగాంగ్ జనంలో విపరీతంగా వ్యాపించినప్పుడు, అతిగా సాధన చేసి మానసికంగా దెబ్బతిన్నవాళ్ల గురించి అక్కడి డాక్టర్లే రాశారు. 1994లో అమెరికన్ మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-4 కూడా చీగాంగ్ వల్ల వచ్చే అలాంటి స్థితిని పేరు పెట్టి ప్రస్తావించింది. కానీ పార్కులో నెమ్మదిగా చేతులు ఎత్తి దించేవాళ్లకు వచ్చేది కాదది. గంటల తరబడి సాధన, ఊపిరి బిగపట్టడం, నిద్ర తగ్గించడం, తలలో శక్తి తిరుగుతోందని బలవంతంగా ఊహించుకోవడం, ఇంతకుముందే మానసిక ఇబ్బంది ఉండి దాచుకోవడం, మందులు మానేయడం, ఇవీ ప్రమాదాలు. దీనికి నేను ఒకటి కలుపుతాను. తలుపు వేసుకుని ఒక్కడివే గదిలో చేస్తూ, ఏమనిపిస్తోందో చెప్పుకునే మనిషి ఒక్కరూ లేకపోవడం. ఊపిరి దాని మానాన అది పోనీ. బిగపట్టు, కిందికి తొయ్యి అని మొదటి నెలల్లోనే చెప్పే చోట ఉండొద్దు. ఏ మందైనా ఆపమని గురువు అంటే లేచి వచ్చేయి.

మామూలు క్లాసుతో ఏమొస్తుంది అనుకోకు. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) ఉన్న 195 మందిని తైచీ, బరువులతో చేసే వ్యాయామం, స్ట్రెచింగ్ అని మూడు జట్లుగా చేసి వారానికి రెండుసార్లు చొప్పున 24 వారాలు చేయించారు. నిలదొక్కుకోవడంలో తైచీ జట్టే మెరుగు. స్ట్రెచింగ్ జట్టు కంటే పడిపోవడాలు కూడా తగ్గాయి. అక్కడ లోపలి శిష్యులు ఎవరూ లేరు.

ఇన్సూరెన్స్, టీచర్ల అర్హత, ముందస్తు ఫీజు వాపసు రూల్స్ చేరే ముందే అడిగి తెలుసుకో. కాంట్రాక్టు మీద ఆ రోజే సంతకం పెట్టకు, ఇంటికి తెచ్చి చదువు.

నువ్వు ఆ కమ్యూనిటీ సెంటర్ ఆవిడ దగ్గరికే వెళ్లు. మాట్లాడరని దిగులు పడకు. మొదటి రోజు చేయకుండా కూర్చుని చూస్తానని అడుగు, ఒప్పుకుంటారో లేదో చూడు. నీ నడుం గురించి ఆవిడే అడిగితే సగం పని అయినట్టే. ఆవిడ చూపు ఎక్కువగా పాదాల మీదా, మోకాళ్ల మీదా ఉందో, అద్దంలో తన చేతుల మీద ఉందో గమనించు. ఆవిడ నీకు స్నేహితురాలు కానక్కర్లేదు, నడవడం నేర్పితే చాలు. స్నేహితులను వేరే చోట వెతుక్కో. నీతో చదివినవాళ్లు ఎవరైనా ఈ దేశంలో ఉంటే ఈ శనివారమే ఫోన్ చెయ్యి. వారంలో ఒక రోజైనా ఆఫీసుకు వెళ్లి కూర్చోవడానికి మీ మేనేజర్‌ని అడుగు. పక్కింటివాళ్ల పేరు తెలియకపోతే తెలుసుకో. ఇవి చిన్న పనులే అనుకుంటావు, నీ వయసులో నేనూ అలాగే అనుకున్నాను.

ఆ పెద్ద హాలు వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు. ఇప్పుడు కాదండీ అని చెప్పు చాలు, కారణం చెప్పక్కర్లేదు. ఆ తర్వాత వాళ్ల ఫోన్లు ఆగిపోతాయి, అప్పుడు నీకు బాధ వేస్తుంది. ఆ వారం నాకు రాయి, జవాబు ఇస్తాను.